కాలువ వంతెన దగ్గర తీసిన గాలి

మా నాన్న సైకిలు షాపులో టైరుకి ఒకటే పరీక్ష ఉండేది. గాలి కొట్టడం అయ్యాక నాన్న బొటనవేలితో నొక్కేవాడు. వేలు కొంచెం కూడా లోపలికి పోకూడదు. "రాయిలా ఉందండీ, ఇక ఎక్కండి" అనేవాడు. ఆ మాట కోసమే ఏలూరులో ఎక్కడెక్కడివాళ్ళో మా షాపు వెతుక్కుంటూ వస్తారని ఆయన నమ్మకం. నేనూ నమ్మాను. ఇప్పటికీ ఎక్కడైనా మెత్తటి టైరు కనిపిస్తే నా వేలు ఊరుకోదు.

షాపు ఊరి చివర, కొల్లేరు వైపు పోయే రోడ్డు మీద ఉంది. షాపు దాటి కొంచెం దూరం పోగానే రోడ్డు మలుపు తిరిగి కాలువ వంతెన ఎక్కుతుంది. అది దిగితే ఇక పొలాలూ చేపల చెరువులూనే. వారానికి మూడు నాలుగు రోజులు పొద్దున్నే ఒకాయన అటు వెళుతూ మా దగ్గర ఆగేవారు. సీడు ఫారంలో చేపపిల్లల్ని నీళ్ళతో సహా రెండు అల్యూమినియం బిందెల్లో పోయించుకుని, సైకిలు వెనక చెరోపక్కా కట్టుకుని, వ్యాన్లు పోలేని గట్ల మీదుగా లంక గ్రామాల చెరువులకు చేర్చడం ఆయన పని. మాకు చుట్టమేమీ కాదు. అయినా నేను బాబాయి గారు అనేదాన్ని. నాకప్పుడు పదేళ్ళు. ఆయన మాత్రం నన్ను అమ్మాయి గారూ అని మన్నించేవారు.

నాన్న ఆయన బండికి ప్రత్యేకంగా గాలి కొట్టేవాడు. బరువు బండి, పైగా కంకర తేలిన రోడ్లు, ఇంకా గట్టిగా ఉండాలి కదా అని చెమటలు కక్కుకుంటూ కొట్టేవాడు. "చాలండి, చాలండి" అని ఆయన రెండుసార్లు అనేవారు. నాన్న అది మొహమాటం అనుకునేవాడు.

ఒకరోజు ట్యూషనుకి పోతూ వంతెన దగ్గర బాబాయి గారిని చూశాను. సైకిలు పిట్టగోడకి ఆనించి, వంగి, ముందు చక్రం వాల్వు నట్టు వదులు చేస్తున్నారు. ష్ అని ఒకసారి, ఆగి, మళ్ళీ ఒకసారి. తర్వాత వెనక చక్రానికి ఒక్కసారి. బొటనవేలితో నొక్కి చూసుకుని, నట్టు బిగించి, ఎక్కి వెళ్ళిపోయారు.

నాకు అది భలే వింతగా అనిపించింది. సాయంత్రం షాపులో నలుగురు కూర్చుని ఉండగా, "నాన్నా, నువ్వు కొట్టిన గాలంతా బాబాయి గారు వంతెన దగ్గర తీసేస్తున్నారు" అని గట్టిగా చెప్పాను. గాలి తీయడం అంటే మనలో రెండర్థాలు ఉన్నాయి కదా. కూర్చున్న నలుగురూ రెండో అర్థం పట్టుకున్నారు. "అయితే మీ గాలే తీసేశాడన్న మాట" అని ఒకాయన అన్నాడు. అందరూ నవ్వారు. నాన్న నవ్వలేదు.

మర్నాడు ఆయన రాగానే నాన్న పంపు ముట్టుకోలేదు. "ఏవండీ, మా గాలి మీకు పనికిరాదటగా" అన్నాడు. బాబాయి గారు "తప్పేనండి" అని, సైకిలు తిప్పుకుని వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఆయన మా రోడ్డున రావడం మానేశారు. వేరే దారి చుట్టూ తిరిగి వెళుతున్నారని ఎవరో చెప్పారు. నాన్న ఆ ఊసు మళ్ళీ ఎత్తలేదు. నేను చేసింది ఏమిటో నాకు తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది.

సైకిలు షాపువాడి కూతురు సైకిలు తొక్కడంలో వింత లేదు. నేను మరీ ఎక్కువగా తొక్కాను, అంతే. తాడేపల్లిగూడెంలో కాలేజీ పిల్లలకి పెట్టిన రేసులో మొదటిసారి గెలిచాను. తారురోడ్డు అద్దంలా ఉంది, నాన్న గాలి రాయిలా ఉంది, నా ముందు ఎవరూ లేరు. తర్వాత చింతలపూడి రోడ్డు మీద, కామవరపుకోట ఎత్తుల మీద ఏళ్ళ తరబడి కాళ్ళు అరగదీశాను. అక్కడి నుంచి ఒక టీములో చోటు దొరికింది. జీతానికి సైకిలు తొక్కే ఆడపిల్ల అంటే మా వీధిలో చాలామంది నమ్మలేదు. నిజానికి నేనూ పూర్తిగా నమ్మలేదు.

ఆ టీముతో బెల్జియం వెళ్ళాను. అక్కడ కొన్ని రేసులకి దారిలో రాళ్ళు పరిచిన పాత బాటలు వస్తాయి. ఇటుకల కన్నా కొంచెం పెద్ద రాళ్ళు వరసగా పాతి ఉంటాయి. ఎన్నో ఏళ్ళు బళ్ళు తిరిగి తిరిగి బాట నడుమ ఉబ్బి, పక్కలు కుంగి, అక్కడక్కడ రాయి ఊడిపోయి గుంట పడి ఉంటుంది. దాని మీద సన్న చక్రాల రేసు సైకిలు వేసుకుని పోవాలి. మా మెకానిక్కు తక్కువ మాటల మనిషి. రేసు ముందు రోజు నా బండికి మామూలు కన్నా వెడల్పు టైర్లు వేశాడు. హ్యాండిలుకి టేపు రెండు పొరలు చుట్టాడు. గాలి బాగా తగ్గించి, మీటరు పెట్టి చూసుకుని వెళ్ళిపోయాడు.

అతను వెళ్ళాక నేను టైరు నొక్కి చూశాను. వేలు లోపలికి పోయింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఈ మెత్తటి టైరుతో రేసుకి వెళ్ళానని నాన్నకి తెలిస్తే ఏమనుకుంటాడు అనిపించింది. ఎవరూ లేకుండా చూసి, పంపు తీసుకుని, రెండు చక్రాలకీ రాయిలా అయ్యేదాకా కొట్టాను. కొట్టి, నొక్కి, తృప్తిగా భోజనానికి వెళ్ళాను. బెల్జియం దాకా వెళ్ళి ఇంత తెలివితక్కువ పని చేసిన మనిషి నేను కాక ఇంకెవరైనా ఉన్నారేమో నాకు తెలియదు.

మర్నాడు మొదటి రాళ్ళ బాటలోనే నా చక్రాలు నేల మీద కన్నా గాల్లో ఎక్కువసేపు ఉన్నాయి. నీళ్ళ సీసాలు రెండూ ఎగిరి పోయాయి. భయంతో హ్యాండిలు ఎంత గట్టిగా పట్టుకున్నానంటే అరచేతులు బొబ్బలెక్కి చితికిపోయాయి. రెండో బాటలో ముందు టైరు పేలింది, నేను పడ్డాను. వెనకాల వచ్చే వ్యాను నన్ను ఎక్కించుకుంది. మెకానిక్కు పేలని టైరుకి మీటరు పెట్టి చూశాడు. తర్వాత నా మొహం చూశాడు. అతను తిట్టి ఉంటే బాగుండేది.

సాయంత్రం మేనేజరు పిలిచి మెత్తగానే చెప్పింది. అయిదు వారాల్లో ఇలాంటిదే ఇంకో రేసు ఉంది. గెలవక్కర్లేదు, గడువులోగా చివరిదాకా తొక్కితే వచ్చే ఏడు కూడా టీములో ఉంటావు. లేకపోతే ఉండవు. ఈలోగా ఇంటికి వెళ్ళి చేతులు మాన్పుకుని రమ్మంది.

బండితో సహా ఏలూరు వచ్చాను. నాన్నకి పడ్డానని చెప్పాను గానీ ఎందుకు పడ్డానో చెప్పలేదు. చేతులు కాస్త మానాక ఒక పొద్దున నేను లేచేసరికే ఆయన నా రెండు టైర్లకీ గాలి కొట్టి పెట్టాడు. ఆ వాల్వుకి మన పంపు పట్టదని లోగడ నేనే మధ్యలో బిగించే ఒక ఇత్తడి ముక్క తెచ్చిచ్చాను. "రాయిలా ఉంది, వెళ్ళు" అన్నాడు. ఆయన ముందు తీసే ధైర్యం నాకు లేదు. మలుపు తిరిగి, వంతెన దగ్గర ఆగి, పిట్టగోడకి బండి ఆనించి వంగాను. ష్ అని గాలి పోతుంటే నేను ఎక్కడ నిలబడి ఉన్నానో అప్పుడు గుర్తొచ్చింది. సిగ్గుతో కళ్ళ వెంట నీళ్ళు వచ్చాయి.

ఆ రోజే బాబాయి గారిని వెతుక్కుంటూ వెళ్ళాను. లంక గ్రామాల వైపు ఒకచోట కంకర పోసి తారు మరిచిపోయిన రోడ్డు ఒకటి ఉంది. ఎన్నాళ్ళయిందో ఎవరూ చెప్పలేరు. దాని మీద పడుతూ లేస్తూ పోతుంటే చెరువు గట్టున మేత బస్తాల పక్కన కూర్చున్న పెద్దాయన లేచి నిలబడ్డారు. జుట్టు పూర్తిగా నెరిసిపోయింది గానీ బాబాయి గారే. ఇప్పుడు చేపపిల్లలు ఆక్సిజన్ కవర్లలో ఆటోల మీద వస్తున్నాయి కాబట్టి ఆయన చెరువు కాపలాకి మారారు. నన్ను పోల్చుకుని, వంగి టైరు నొక్కి, "ఇది ఇంకా నాన్నగారి గాలేనా అండి" అన్నారు.

"సగం తీశానండి, వంతెన దగ్గర" అన్నాను. ఆయన నవ్వారు.

"ఆ రోజు మీ సంగతి నాన్నకి చెప్పింది నేనేనండి" అన్నాను.

"తెలుసు కదండి. వంతెన మీద మీరు నన్ను చూశారు, నేను మిమ్మల్ని చూశాను."

"మరి ఎందుకు మానేశారండి రావడం?"

"నాన్నగారు అంత కష్టపడి కొట్టిన గాలండి. ఆయన ఎదురుగా తీయలేను. తీయకుండా ఈ కంకర మీద పోతే అదురుకి చేపపిల్లలు బతకవు. మలుపు తిరిగాక తీస్తే ఆయన మనసుకి తెలీదనుకున్నాను. తెలిసిపోయాక ఇంక దొంగచాటుగా తీయడానికి ముఖం చెల్లలేదండి."

ఒక్క మాట కోపంగా అనలేదు. నా మీద గానీ, నాన్న మీద గానీ. నా గొడవంతా చెప్పాను. టీము సంగతి, రాళ్ళ సంగతి, అయిదు వారాల సంగతి. అంతా విని, "రేపు పెందలాడే రండి. నాన్నగారికి చెప్పకండి, బాధపడతారు" అన్నారు.

మూడు వారాలు వెళ్ళాను. పొద్దున నాన్న గాలి కొట్టడం, నేను వంతెన దగ్గర తీయడం. మొదటి వారం బాబాయి గారు నా రేసు బండి ముట్టుకోనివ్వలేదు. తన పాత సైకిలుకి రెండు బిందెలు కట్టి, నిండా నీళ్ళు పోసి, ఆ కంకర రోడ్డు చివరిదాకా వెళ్ళి రమ్మన్నారు. వచ్చేసరికి సగం నీళ్ళు లేవు. అదే బండి ఆయన తొక్కుకుని వెళ్ళి వచ్చారు. ఆ వయసులో. నీళ్ళు బిందె అంచు దాకా ఊగుతున్నాయి, కింద పడ్డవి మాత్రం నాలుగు చుక్కలు.

"నీళ్ళు కదలకపోతే పిల్లలకి ఊపిరాడదండి. మరీ దెబ్బ తగిలితే చచ్చిపోతాయి. ఊగాలండి, అదరకూడదు" అన్నారు. బండి నడపడం గురించి ఎన్నో దేశాలవాళ్ళు నాకు ఎన్నో చెప్పారు. ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు.

బిందెల్ని ఆయన తాడుతో కట్టేవారు కాదు, పాత ట్యూబు కోసిన పట్టీలతో కట్టేవారు. తాడయితే రోడ్డు కొట్టిన ప్రతి దెబ్బా బిందెకి అందుతుంది, రబ్బరయితే సగం మింగేస్తుంది. నా నీళ్ళ సీసాల చుట్టూ కూడా అలాంటి పట్టీ ఒకటి బిగించారు. అది ఇప్పటికీ నా బండికి ఉంది. హ్యాండిలు గట్టిగా పట్టుకుంటే "అది పసిపిల్ల చెయ్యి అనుకోండి, పట్టుకోండి గానీ పిసక్కండి" అనేవారు. మోచేతులు వదులుగా వంచమనేవారు. గుంటని చూస్తే గుంటలోకే పోతాం కాబట్టి చూపు దూరంగా, పోవాల్సిన చోట పెట్టమనేవారు. రాళ్ళ మీదకి దిగాక బ్రేకు వేయొద్దు, దిగే ముందే వేగం చూసుకోమనేవారు. సీటు మీద కాస్త వెనక్కి జరిగి, కొంచెం బరువైన గేరులో ఆపకుండా తొక్కితే ముందు చక్రం తన దారి తనే వెతుక్కుంటుంది. ఇవన్నీ మా మెకానిక్కు కాగితం మీద రాసి ఇచ్చినవే. కాగితం మీద ఉన్నప్పుడు నేను చెవిన పెట్టలేదు.

గాలి సంగతి ఆఖర్న. ముందు చక్రానికి రెండు ష్‌లు, బరువు మోసే వెనక చక్రానికి ఒకటి. ఆయన నొక్కేవారు, తర్వాత నన్ను నొక్కమనేవారు. ఒకరోజు నేను ఉత్సాహం కొద్దీ ఇంకా తీశాను. కంకర మీద వెనక చక్రం రిమ్ము రాయికి తగిలి ఠంగుమంది. "అదిగో, అంత వద్దండి. ఆ చప్పుడుకి కొంచెం ఇవతల ఆగాలి" అన్నారు. కొంచెం అంటే ఎంత అని అడిగితే నా బొటనవేలు పట్టుకుని టైరు మీద ఆనించి నొక్కారు. "ఇంత." కుడి చేత్తో కాకుండా ఎప్పుడూ ఎడమ చేత్తోనే ఎందుకు చూస్తారని ఒకసారి అడిగాను. షుగరు వల్ల కుడి చేతి వేళ్ళకి స్పర్శ తెలియడం తగ్గిందనీ, ఎడమది ఇంకా బాగానే ఉందనీ మామూలుగా చెప్పారు.

మూడో వారంలో నిండు బిందెల్లో నిజం చేపపిల్లల్ని పోసి ఇచ్చారు. చెరువు గట్టున దింపి చూసుకుంటే అన్నీ ఈదుతున్నాయి. ఏ రేసు గెలిచినప్పుడూ నాకు అంత సంతోషం కలగలేదు.

బెల్జియంలో రేసు రోజు పొద్దున మెకానిక్కు గాలి పెట్టి మీటరు చూపించాడు. నేను కళ్ళు మూసుకుని నొక్కాను. ఇంకా కొంచెం ఎక్కువే ఉంది. చెప్పాను. అతను నా మొహం చూసి, పక్కకి జరిగి, వాల్వు నాకు వదిలేశాడు. కిందటి సారి నేను చేసిన పనికి అతను ఆ నమ్మకం ఉంచనక్కర్లేదు. ముందుకి రెండు, వెనక్కి ఒకటి తీశాను. అతను మీటరు పెట్టుకుని చూసి, తల ఊపి, ఏదో రాసుకున్నాడు.

మొదటి రాళ్ళ బాట మొదలవగానే పక్కనున్నవాళ్ళు హ్యాండిలు కింది వంపులు పట్టుకుని బిగుసుకుపోయారు. నేను హ్యాండిలు పైభాగం మీద చేతులు వదులుగా వేసి, బాట నడుమ ఉబ్బు మీద పడ్డాను. బండి అటూ ఇటూ ఊగింది. ఊగనిచ్చాను. వెనక రెండు బిందెలు ఉన్నాయనీ, వాటిలో పిల్లలు ఉన్నాయనీ అనుకుంటూ తొక్కాను. ఒకచోట మట్టి తడిసి రాళ్ళు జారుతుంటే నా ముందు ఇద్దరు పడ్డారు. నేను వాళ్ళని కాకుండా వాళ్ళ పక్కనున్న ఖాళీని చూశాను, బండి అందులోంచి పోయింది. ఆఖరి బాటలో కాళ్ళలో సత్తువ అయిపోయింది. చేతులు మాత్రం బాగున్నాయి. గడువులోగానే గీత దాటాను, చివర్నుంచి నాలుగోదాన్ని. రెండు సీసాలూ వాటి చోట్లోనే ఉన్నాయి. మేనేజరు వచ్చి భుజం తట్టి, వచ్చే ఏడు కలుద్దాం అంది.

ఆ ముందు చక్రంలో ఉన్న గాలిని అలాగే తీసుకొచ్చి బాబాయి గారి చేత నొక్కించాలని నాకు పిచ్చి కోరిక పుట్టింది. చక్రాన్ని జాగ్రత్తగా సంచిలో పెట్టుకున్నాను. విమానాశ్రయంలో కౌంటరు దగ్గర, గాలి తీస్తే గానీ సామాను ఎక్కించం అన్నారు. ఎంత బతిమాలినా వినలేదు. ఆ గాలి ఎందుకు కావాలో వాళ్ళకి ఏ భాషలో చెప్పను? అక్కడే తీసేశాను. ఏడ్చినంత పని చేశాను.

ఏలూరు వచ్చాక నాన్నకి అంతా చెప్పేశాను. బెల్జియంలో దొంగచాటుగా కొట్టిన గాలి, ఇక్కడ వంతెన దగ్గర తీసిన గాలి, అన్నీ. ఆయన వింటూ పానాలు తుడుచుకుంటూ కూర్చున్నాడు. అన్నీ తుడిచి పెట్టాక "రేపు ఆయన్ని తీసుకురా" అన్నాడు.

బాబాయి గారు ఆటో దిగి షాపు ముందు నిలబడ్డారు. నాన్న లేచి స్టూలు వేశాడు. ఇద్దరూ ఒకరినొకరు బాగున్నారా అండి అని పలకరించుకున్నారు. నేను సంచిలోంచి చక్రం తీసి నాన్న ముందు పెట్టాను. ఆయన అలవాటు కొద్దీ పంపు బిగించి రాయిలా అయ్యేదాకా కొట్టి, బాబాయి గారి ఒళ్ళో పెట్టాడు.

ఆయన ఎడమ బొటనవేలితో నొక్కారు. మళ్ళీ నొక్కారు. కుడి వేలితో కూడా చూశారు. తర్వాత చక్రాన్ని నా వైపు జరిపి, "ఈ మధ్య ఎడమదానికీ తెలీట్లేదండి. మీరే చూడాలి అమ్మాయి గారూ" అన్నారు.

నేను నొక్కాను. నా వేలు కింద కంకర రోడ్డూ, ఆయన వేలూ రెండూ ఉన్నాయి. "ఎక్కువుందండి" అన్నాను.

నాన్న వాల్వు మీద గోరు పెట్టాడు. షాపులో, పట్టపగలు, అందరూ చూస్తుండగా. ష్ అంది. నా వైపు చూశాడు. ఇంకొంచెం అన్నాను. మళ్ళీ ష్ అంది. నేను నొక్కి, చాలన్నాను. అప్పుడు నాన్న తన బొటనవేలితో నొక్కాడు, లోపలికి పోనిచ్చి అలాగే ఉంచాడు.

"వంతెన దగ్గర మీరు తీశాక ఇంతే ఉండేదా అండి?" అని బాబాయి గారిని అడిగాడు.

"ఇంతేనండి."

నాన్న వేలు తీయలేదు. "చెబితే నేనే తీసేవాణ్ణి కదండి" అన్నాడు. "అంత దూరం వెళ్ళి తీశారు, ఎండలో."